పాత ఆటల క్యాసెట్లు: అసలు విలువ ఎక్కడున్నది?

వాడుకలో ఉన్న కాలంలో ఎవరూ లెక్కచేయని వస్తువు కొన్ని దశాబ్దాలు గడిచేసరికి అపురూపమైపోవడం లోకంలో కొత్త కాదు. నాణేలు, తపాలా బిళ్లలు, ఇత్తడి పాత్రలు ఆ వరుసలో ఎప్పుడో చేరాయి. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ పెట్టె కూడా వాటి సరసన చేరింది. అదే వీడియో గేమ్ కార్ట్రిడ్జ్. 1990లలో మన ఇళ్లలోని పిల్లలు దానిని ‘క్యాసెట్’ అనే పిలిచారు. అందులో టేపు లేకపోయినా ఆ పేరే స్థిరపడిపోయింది.

నేడు ఆ పాత పెట్టెల కోసం పాత సామాన్ల సంతలలో గంటల తరబడి వెదికేవారున్నారు. అంతర్జాలంలో ఆన్‌లైన్ వేలం పాటలలో పోటీపడేవారున్నారు. అన్నానికి లోటు లేని దేశాలలో మొదలైన ఈ అభిరుచి ఇప్పుడు సంపాదన ఆరంభించిన మన యువకులనూ ఆకర్షిస్తున్నది. కన్న బిడ్డ తన తొలి జీతంలో కొంత భాగాన్ని ఒక పాత ఆట పెట్టె మీద వెచ్చిస్తే తల్లిదండ్రులకు కలవరం కలగడం సహజం. ఇది దుబారాయా? లేక ఇందులో తెలుసుకోదగిన సంగతి ఏమైనా ఉన్నదా? కోప్పడే ముందు ఆ పెట్టె కథ ఏమిటో తెలుసుకోవడం మేలని మేము భావిస్తున్నాము.

ఒక యంత్రం, అనేక ఆటలు

తొలినాటి ఇంటి వీడియో గేమ్ యంత్రాలలో ఆటలు లోపలే బిగించి ఉండేవి. ఉన్న ఆటల మీద మొహం మొత్తితే యంత్రాన్నే మూలన పడేయవలసి వచ్చేది. 1976లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థ ‘ఛానల్ ఎఫ్’ అనే యంత్రంతో ఈ పరిస్థితిని మార్చింది. దానిని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించినవారు జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. ఆటను విడిగా ఒక చిప్‌లో నిక్షిప్తం చేసి, పసిపిల్లవాడు పదేపదే తీసి పెట్టినా చెక్కుచెదరని గట్టి పెట్టెలో దానిని అమర్చారు. మరుసటి సంవత్సరం అటారి సంస్థ విడుదల చేసిన యంత్రం అదే పద్ధతిని కోట్లాది ఇళ్లకు చేర్చింది.

ఆ పెట్టెను విప్పి చూస్తే లోపల ఒక చిన్న ఆకుపచ్చ పలక, దాని మీద ఒకటి రెండు చిప్‌లు, అంచున వరుసగా లోహపు పిన్నులు కనిపిస్తాయి. ఆటంతా ‘రోమ్’ అనే చిప్‌లో ఉంటుంది. తయారీలోనే అందులో రాత పడిపోతుంది. ఆ తరువాత యంత్రం దానిని చదవగలదే కాని చెరపలేదు. నలభై ఏళ్ల కిందటి క్యాసెట్ నేటికీ పనిచేయడానికి కారణం ఇదే.

చెత్తకుప్ప నుండి మ్యూజియం వరకు

విలువ అనేది ఎంత చంచలమైనదో తెలుసుకోవడానికి అటారి సంస్థ కథ ఒక్కటి చాలు. 1982లో ఆ సంస్థ ‘ఇ.టి.’ చలనచిత్రం ఆధారంగా ఒక ఆటను సుమారు అయిదు వారాలలోనే తయారు చేయించింది. పండుగ అమ్మకాల వేళకు సరుకు అందించాలన్న తొందర అటువంటిది. గుట్టలుగా తయారైన పెట్టెలు అమ్ముడుపోలేదు. 1983లో ఆ సంస్థ మిగిలిన సరుకును లారీలకెత్తి, న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో పట్టణపు చెత్త స్థలంలో పూడ్చి, పైన కాంక్రీటు పోయించింది.

మూడు దశాబ్దాల పాటు ఇది కట్టుకథేనని చాలామంది అనుకున్నారు. 2014 ఏప్రిల్‌లో ఆ స్థలాన్ని తవ్వినప్పుడు సుమారు 1,300 పెట్టెలు బయటపడ్డాయి. వాటిలో ఎనిమిది వందలకు పైగా పెట్టెలను ఆన్‌లైన్‌లో అమ్మగా లక్ష డాలర్లకు పైగా వచ్చింది. ఒక పెట్టె అమెరికా జాతీయ మ్యూజియమైన స్మిత్సోనియన్‌కు చేరింది. భూమిలో ఉన్న ముప్పై ఏళ్లలో ఆ ఆట మెరుగుపడలేదు. ఆనాడు దానిని పూడ్చిన చేతులూ, తరువాత వేలంలో పాడిన చేతులూ మనుషులవే. మధ్యలో మారినది వారి జ్ఞాపకం, దానికి వారు కట్టిన వెల మాత్రమే.

మన ఇళ్లలోకి, గల్ఫ్ ఇళ్లలోకి

1983 జూలై 15న జపాన్‌లో నింటెండో సంస్థ ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అమెరికాలో అదే యంత్రం 1985లో వేరే రూపంలో వచ్చింది. జపాన్ క్యాసెట్లకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్లకు 72 పిన్నులు. అందువల్ల ఒక దేశపు క్యాసెట్ మరొక దేశపు యంత్రంలో నేరుగా అమరదు. నేటికీ ఆన్‌లైన్‌లో కొనేవారు ఈ సంగతి తెలియక నష్టపోతుంటారు.

మన దేశంలో సామాన్య కుటుంబాలకు చేరినది మాత్రం ఆ జపాన్ యంత్రానికి నకళ్లు. ‘లిటిల్ మాస్టర్’, ‘సమురాయ్’ వంటి పేర్లు ఆ తరం వారికి గుర్తుండే ఉంటాయి. పసుపుపచ్చని క్యాసెట్ మీద ‘9999 ఆటలు’ అని అట్టహాసంగా ముద్రించేవారు. లోపల ఉండేవి కొన్ని ఆటలే. అవే పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. సరుకు మీద రాసిన మాటకూ, లోపలి సరుకుకూ పొంతన ఉన్నదో లేదో చూసుకోవాలన్న పాఠాన్ని ఒక తరం పిల్లలు ఆ పెట్టె ద్వారానే నేర్చుకున్నారు.

గల్ఫ్ దేశాలలో ఇదే కాలానికి మరొక కథ ఉన్నది. కువైట్‌లో ముహమ్మద్ అల్ షారిఖ్ 1982లో స్థాపించిన అల్ ఆలమియా సంస్థ ‘సఖ్ర్’ పేరుతో అరబీ లిపిలో పనిచేసే ఇంటి కంప్యూటర్లను తెచ్చింది. వాటికీ క్యాసెట్ పెట్టే గాడి ఉండేది. ఆటలతో పాటు పిల్లలకు చదువు చెప్పే అరబీ కార్యక్రమాలూ ఆ పెట్టెలలో వచ్చాయి. 1990లో కువైట్ మీద జరిగిన దండయాత్ర ఆ ప్రయత్నానికి పెద్ద విఘాతం కలిగించింది. తరువాత సంస్థ తన కార్యస్థానాన్ని కైరోకు మార్చుకున్నది. ఏదో ఒక ఇంటి అటక మీద ఉండిపోయిన సఖ్ర్ పెట్టె ఆనాటి అరబీ పిల్లలు కంప్యూటర్‌ను తమ భాషలో ఎలా నేర్చుకున్నారో చెప్పే ప్రత్యక్ష సాక్ష్యం. దానికి వేలం ధర పలికినా పలకకపోయినా భద్రపరచదగిన వస్తువే.

సీలు విప్పని పెట్టెకు పదకొండు కోట్లు

ఈ అభిరుచిలో మరొక ముఖం కూడా ఉన్నది. 2021 జూలైలో అమెరికాలో జరిగిన ఒక వేలంలో ‘సూపర్ మారియో 64’ అనే ఆట పెట్టె 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆనాటి లెక్కన అది 11 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ ఆట అరుదైనది కాదు. లోకంలో కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ ఒక్క పెట్టెకు అంత ధర రావడానికి కారణం దాని సీలు ఎవరూ విప్పకపోవడం, ఒక గ్రేడింగ్ సంస్థ దానికి దాదాపు పూర్తి మార్కులు వేయడం.

నిజంగా అరుదైన పెట్టెలు వేరే ఉన్నాయి. 1990లో నింటెండో అమెరికాలో నిర్వహించిన పోటీల కోసం తయారైన క్యాసెట్లు బూడిదరంగువి 90, బంగారు రంగువి 26 మాత్రమే. వాటికి ఎక్కువ ధర పలకడంలో అర్థమున్నది. కోటి ప్రతులున్న ఆటకు పదకొండు కోట్లు పలికినప్పుడు మాత్రం కొనుగోలుదారు ఆటను కొనడం లేదు, రేపు మరొకరు ఇంకా ఎక్కువ ఇస్తారన్న ఆశను కొంటున్నాడు. ధరలను కృత్రిమంగా పెంచారన్న ఆరోపణతో 2022లో ఒక గ్రేడింగ్ సంస్థ మీద కాలిఫోర్నియాలో దావా కూడా దాఖలయింది. వస్తువుతో ప్రయోజనం లేకుండా, దాని ధర మీద పందెం కాయడమే మిగిలినప్పుడు అది సేకరణ హద్దు దాటి జూదపు వాకిటిలోకి అడుగుపెడుతుంది. ఇంటి పొదుపు సొమ్మును అటువంటి ఆశకు అప్పగించరాదు.

కొనేవారు చూసుకోవలసినవి

జపాన్‌లో పాత సామాన్లు అమ్మే హార్డ్ ఆఫ్ దుకాణాలలో ‘జంక్’ అని రాసిన బుట్టలుంటాయి. అందులోని వస్తువు పనిచేస్తుందన్న హామీ దుకాణం ఇవ్వదు. ఆ మాటను ముందే చెబుతుంది, ధర కూడా అందుకు తగినట్లే ఉంటుంది. ఇటువంటి వర్తకంలో మోసం లేదు. ధాన్యపు రాశిలో తడిసిన గింజలను అడుగున దాచిన వర్తకుని దైవప్రవక్త (స) మందలించిన వృత్తాంతం మన పాఠకులకు తెలిసినదే. లోపాన్ని పైకి కనపడేలా ఉంచడమే అమ్మేవాని బాధ్యత. హైదరాబాదు జుమ్మెరాత్ బజార్‌లో నేలమీద గుడ్డ పరిచి అమ్మినా, సముద్రాలకు ఆవల నుండి ఆన్‌లైన్‌లో అమ్మినా ఈ బాధ్యత ఒక్కటే.

ఈ విపణిలో నకిలీలు విస్తారంగా ఉన్నాయి. చేతిలో పట్టి ఆడే ‘గేమ్ బాయ్’ యంత్రాల కోసం వచ్చిన ప్రసిద్ధ ఆటలకు వీటి బెడద మరీ ఎక్కువ. అసలు పెట్టె మీది అట్ట స్పష్టంగా, రంగులు చెదరకుండా ఉంటుంది. అనేక నింటెండో క్యాసెట్లను మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పలేము. వాటికి ప్రత్యేకమైన బిట్ కావాలి. లోపలి పలక మీద సంస్థ పేరు ముద్రించి ఉంటుంది. చిప్ ఉండవలసిన చోట నల్లని జిగురు బొట్టు కనిపిస్తే సాధారణంగా అనుమానించవలసిందే. కనుక ఆన్‌లైన్‌లో కొనే ముందు పెట్టె ముందు వైపు, వెనుక వైపు, వీలైతే లోపలి పలక ఫొటోలు అడగాలి. అమ్మేవారు అడిగిన ధరలను కాక, ఇప్పటికే అమ్ముడుపోయిన ధరలను చూసి వెల నిర్ణయించుకోవాలి. విదేశం నుండి తెప్పిస్తే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోవాలి.

క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదడం ఆనాటి పిల్లలందరి అలవాటు. దానివల్ల ఉమ్మి తడి పిన్నులకు తగిలి తుప్పు పట్టే ప్రమాదమున్నది. తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా తగులుకోవడం వల్లనే అది పనిచేసేది కాని, ఊదడం వల్ల కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ముంచిన దూది పుల్లతో పిన్నులను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టడం సరైన పద్ధతి.

ఆరిపోయే జ్ఞాపకం

రోమ్ చిప్ లోని ఆట చెరగదు. అయితే ఆటగాడు సాధించిన ప్రగతిని దాచుకొనే చిప్‌కు మాత్రం నిరంతరం విద్యుత్తు కావాలి. 1987లో అమెరికాలో బంగారు రంగు పెట్టెలో వచ్చిన ‘జెల్డా’ ఆటలో అందుకోసం ఒక బటన్ సెల్ అమర్చారు. గడియారాలలో వాడే సెల్ వంటిదే అది. దాని ఆయువు తీరిన రోజున, ఒక అన్న తన తమ్ముని కోసం దాచి ఉంచిన ఆటైనా సరే, చెరిగిపోతుంది. సెల్ మార్చినా పాత జ్ఞాపకం మామూలుగా తిరిగి రాదు. మీ ఇంట్లో అటువంటి క్యాసెట్ ఉంటే, అందులో దాచుకున్నది కావలసినవారు సెల్ పూర్తిగా ఆరిపోకముందే తెలిసిన మెకానిక్‌ను సంప్రదించడం మంచిది.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉన్నది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు మార్కెట్లో కొనడానికి దొరకవు. వాటిని చూడాలంటే పాత పెట్టె, పాత యంత్రం ఉండాలి. ఆ పెట్టెను శుభ్రం చేసి, సరిచేసి, నలుగురికీ చూపించే సేకర్త ఒక చిన్న గ్రంథాలయాన్ని నడుపుతున్నట్లే. సీలు విప్పకుండా గాజు పెట్టెలో బంధించినవాడు ఆ గ్రంథాలయానికి తాళం వేసినవాడు.

ఇంట్లో ఎలా మెలగాలి?

తల్లిదండ్రులకు మేము చెప్పదలచుకున్నది ఇంతే. పాత క్యాసెట్‌లో ఉన్నది ఒకే ఆట, లేదా కొన్ని ఆటలు. అందులో మధ్యలో ప్రకటనలు రావు, ముందుకు సాగాలంటే డబ్బు కట్టమని అడిగే తెర రాదు, అపరిచితులెవరూ పిల్లవానితో మాట కలపరు. నమాజు వేళ అయినప్పుడు స్విచ్ ఆపితే అది ఆగిపోతుంది. చేతిలోని ఫోనుతో పోల్చి చూస్తే ఈ తేడాలు చిన్నవి కావు.

కొనడానికి ముందు మాత్రం ఒక నియమం పెట్టుకోవడం మేలు. ఇంటి అవసరాలు, అప్పులు, దానధర్మాలు పోగా మిగిలిన సొమ్ములో నెలకు ఇంత అని హద్దు నిర్ణయించుకోవాలి. కొన్న ప్రతి పెట్టెను విప్పాలి, పరీక్షించాలి, వాడాలి. ఆడని ఆటలు అరలో పేరుకుపోతుంటే కొనడం ఆపాలి. రెండోది దొరికితే తెలిసిన పిల్లవానికి ఇవ్వాలి. అమ్మవలసి వస్తే గీతను, పగులును, మార్చిన సెల్‌ను కొనేవారికి ముందే చెప్పాలి.

అటక మీద పాత ‘లిటిల్ మాస్టర్’ డబ్బా ఏదైనా ఉంటే ఈ సెలవు రోజున దించి చూడండి. దాని దుమ్ము తుడిచి, ఆ క్యాసెట్‌ను ఎవరు కొనిపెట్టారో, ఏ గల్ఫ్ ప్రయాణంలో ఎవరు తెచ్చారో, దాని కోసం అన్నదమ్ములు ఎలా వంతులు వేసుకున్నారో పిల్లలకు చెప్పండి. ఆ మాటలు ఏ వేలంలోనూ దొరకవు. చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే వినాలి.