చెక్కుకు దారి తగ్గింది, ఖాతాదారుకు దూరం పెరిగింది

ముంబయి: విద్యుత్ బిల్లు, ఇంటిపన్ను, జీవిత బీమా ప్రీమియం, అపార్టుమెంటు నిర్వహణ రుసుము వంటి చెల్లింపులకు చెక్కు రాసి, మూలన రెండు అడ్డగీతలు గీసి, వెనుకవైపు కనెక్షన్ నంబరు వేసి పంపడం మధ్యతరగతి కుటుంబాలకు దశాబ్దాలుగా అలవాటు. ఎవరికి ఎంత చెల్లించిందీ చెక్కు పుస్తకంలోని పట్టికలో రాసుకుంటే నెల పద్దు కూడా పూర్తయ్యేది. ఈ పద్ధతిని చట్టం నిషేధించలేదు. రిజర్వు బ్యాంకు రద్దు చేయలేదు. అయినా వీధి చివర ఉండే బ్యాంకు శాఖ మరో శాఖలో కలిసిపోవడంతో చెక్కు మీద ఆధారపడిన వయోవృద్ధులకు, పింఛనుదారులకు బిల్లు కట్టడమే ఒక ప్రయాణంగా మారుతోంది.

1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసేనాటికి దేశంలో వాణిజ్య బ్యాంకు శాఖలు 8 వేల పైచిలుకు మాత్రమే. 1990 నాటికి వాటి సంఖ్య దాదాపు 60 వేలకు చేరింది. చెక్కు పుస్తకం పట్టణాల వర్తకుల చేతి నుంచి ఉపాధ్యాయుని ఇంటికి, రైతు ఇంటికి చేరింది ఆ రెండు దశాబ్దాలలోనే.

తరువాతి కాలంలో విలీనాలు మొదలయ్యాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సహా ఐదు అనుబంధ బ్యాంకులు, వాటితోపాటు భారతీయ మహిళా బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిశాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. 2017లో 27గా ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకుల సంఖ్య మూడేళ్లలో 12కు తగ్గింది. గ్రామీణ బ్యాంకులు సైతం 2025 మే 1 నుంచి ఒక రాష్ట్రానికి ఒకటి చొప్పున 28కి పరిమితమయ్యాయి.

రెండు బ్యాంకులు ఒకటైనప్పుడు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు శాఖలను నడపడం వృథా వ్యయమన్నది యాజమాన్యాల వాదన. లెక్కల ప్రకారం అది కాదనలేనిది. ప్రైవేటు బ్యాంకులు కొత్త శాఖలు తెరుస్తున్న మాట కూడా నిజమే. అయితే విలీనం జరిగిన చోట పాత చెక్కు పుస్తకాలు గడువు తరువాత చెల్లలేదు. శాఖల సంకేత సంఖ్యలు మారాయి. కొత్త పుస్తకం తీసుకోనివారు, ముందస్తు తేదీలతో చెక్కులు ఇచ్చి మరచిపోయినవారు ఇబ్బందుల పాలయ్యారు.

విచిత్రమేమంటే, శాఖ దూరమవుతున్న కాలంలోనే చెక్కు వేగం పెరిగింది. చెక్కు కాగితాన్ని ఊరూరా తిప్పకుండా దాని ఛాయాచిత్రాన్ని మాత్రమే పంపే విధానాన్ని రిజర్వు బ్యాంకు 2008లో ఢిల్లీ ప్రాంతంలో, 2011లో చెన్నైలో ప్రవేశపెట్టి, ఆపై దేశమంతటికీ విస్తరింపజేసింది. ఎలాంటి క్లియరింగ్ ఏర్పాటూ లేని శాఖలు ఇంకా సుమారు 18 వేలు ఉన్నాయని 2021 ఫిబ్రవరిలో గుర్తించి, వాటిని కూడా ఆ ఏడాది సెప్టెంబరులోగా ఇందులో చేర్చాలని ఆదేశించింది. 2025 అక్టోబరు 4 నుంచి అమలులోకి వచ్చిన మార్పుల ప్రకారం, తన ముందుకు వచ్చిన చెక్కు చెల్లుతుందో లేదో బ్యాంకు అదే రోజు సాయంత్రం 7 గంటలలోగా తేల్చాలి. ఆ విధంగా చెక్కు చేయవలసిన ప్రయాణం తగ్గింది. ఖాతాదారు చేయవలసిన ప్రయాణమే పెరిగింది.

మరోవైపు 2016లో ప్రారంభమైన యూపీఐ చెల్లింపులు 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2 వేల కోట్ల లావాదేవీలను దాటాయి. కూరగాయల బండి వద్ద కూడా ఫోను చూపి డబ్బు చెల్లించే రోజులలో చెక్కు ఎందుకన్న ప్రశ్న సహజమే. కానీ చెక్కునే నమ్ముకున్నవారికి కారణాలు లేకపోలేదు. ఫోను తెరపై ఒక అంకె తప్పు నొక్కితే సొమ్ము మరొకరికి పోతుందని, రహస్య సంఖ్య అడిగి మోసగించేవారు పెరిగారని వారి భయం. చెక్కు మీద గ్రహీత పేరు ఉంటుంది, సంతకం ఉంటుంది, పొరపాటు జరిగితే చెల్లింపు ఆపించే వ్యవధి కొంతైనా ఉంటుంది.

చెక్కుకు చట్టం అండ కూడా ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1989 నుంచి అమలులోకి వచ్చిన 138వ సెక్షన్ ప్రకారం, ఖాతాలో సొమ్ము లేక చెక్కు తిరిగివస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అయితే ఈ అండకూ పరిమితి ఉంది. 2019 చివరి నాటికి దేశంలో అపరిష్కృతంగా ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసులలో 35.16 లక్షలు చెక్కులకు సంబంధించినవేనని సుప్రీంకోర్టు 2021లో పేర్కొనడం గమనార్హం. పైగా ఖాతా నుంచి నేరుగా మినహాయించుకునే ఎలక్ట్రానిక్ చెల్లింపు విఫలమైనా 2007 నాటి చెల్లింపుల చట్టం దాదాపు ఇదే శిక్షను నిర్దేశిస్తోంది.

ఇతర దేశాల అనుభవం రెండు విధాలుగా ఉంది. న్యూజిలాండ్‌లోని ప్రధాన బ్యాంకులు 2021 నాటికి చెక్కులను నిలిపివేశాయి. ఆస్ట్రేలియా 2028 జూన్ నెలాఖరుతో చెక్కుల జారీని, 2029 సెప్టెంబరు నెలాఖరుతో స్వీకరణను ముగించనున్నట్లు ప్రకటించింది. బ్రిటన్‌లో మాత్రం 2018 నాటికి చెక్కులను రద్దు చేయాలని 2009లో చేసిన నిర్ణయాన్ని, వృద్ధుల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చిన నిరసనల కారణంగా 2011లో ఉపసంహరించుకున్నారు. మన దేశంలో చెక్కు పుస్తకాలను ఉపసంహరించే ప్రతిపాదన లేదని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2017 నవంబరులో స్పష్టం చేసింది.

అదే నెలలో రిజర్వు బ్యాంకు వయోవృద్ధులు, వికలాంగుల కోసం జారీ చేసిన ఆదేశాలు చాలామందికి తెలియవు. పొదుపు ఖాతాదారు కోరితే ఏటా కనీసం 25 చెక్కులను ఉచితంగా ఇవ్వాలి. చెక్కు పుస్తకం కోసం ఖాతాదారు స్వయంగా రావాలని పట్టుబట్టరాదు. 70 ఏళ్లు దాటినవారికి, కదలలేని స్థితిలో ఉన్నవారికి ఇంటివద్దకే వచ్చి చెక్కులు, నగదు తీసుకువెళ్లే సదుపాయం కల్పించడానికి బ్యాంకులు కృషి చేయాలి. ఈ సేవలను అడిగి పొందే హక్కు ఉన్నదని తెలిస్తేనే వాటి వల్ల ప్రయోజనం. ఆ సమాచారాన్ని శాఖ గోడ మీద అంటించి ఊరుకుంటే శాఖకు రాలేనివారికి అది ఎన్నటికీ చేరదు.

చెక్కు ఏదో ఒకనాడు చరిత్రలో కలవడం అనివార్యం కావచ్చు. ఆస్ట్రేలియా వలె తేదీ ముందుగా ప్రకటిస్తే ప్రజలు సిద్ధపడతారు. తేదీ ఏదీ చెప్పకుండా కౌంటర్లను ఒక్కొక్కటిగా మూసివేస్తే, రద్దు కాని చెక్కు కూడా రద్దయిన దానితో సమానమే. ఒక శాఖను మరో శాఖలో కలిపే ముందు అక్కడ ఇంకా ఎందరు చెక్కులతోనే బిల్లులు కడుతున్నారో, వారు ఇకపై ఎంత దూరం నడవాలో లెక్క వేయడం బ్యాంకులకు కష్టమేమీ కాదు. ఆదా అయ్యే అద్దెతోపాటు ఆ లెక్క కూడా విలీన నివేదికలో ఉండడం న్యాయం.