వేటాడినవాళ్లు రాసిపెట్టిన వంశవృక్షం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకాస్టర్ కౌంటీ. విల్లో స్ట్రీట్ అనే చిన్న ఊరి శివారున పొలాల మధ్య ఒక రాతి ఇల్లు ఉంది. ఏటవాలుగా దిగిన ఎత్తైన పైకప్పు, ఇంటి నడిమధ్య నుంచి లేచిన పొగగొట్టం, మందపాటి గోడల్లో చిన్న చిన్న కిటికీలు. గుమ్మం మీది రాతిలో ఒక పక్క 17, మరో పక్క 19, నడుమ క్రిస్టియన్ హెర్ పేరులోని అక్షరాలు. 1719లో కట్టిన ఈ ఇల్లే కౌంటీలో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాలన్నిటిలోకీ పాతది. కట్టించింది క్రిస్టియనే అయినా అందరూ దాన్ని ఆయన తండ్రి పేరుతో హాన్స్ హెర్ ఇల్లు అంటారు. అప్పటికి ఆ తండ్రి ఎనభై ఏళ్ల ముసలివాడు, మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారి సంఘానికి పెద్ద. గుడి అంటూ వేరే లేని రోజులవి కాబట్టి ఆరాధనకు జనం ఈ ఇంట్లోనే చేరేవారు.

1860ల దాకా హెర్ కుటుంబం ఇక్కడే కాపురం ఉంది. తర్వాత ఇల్లు ధాన్యానికీ సామాన్లకీ కొట్టుగా మారింది. 1970ల మొదట్లో స్థానిక మెన్నొనైట్ చరిత్ర సంఘం దాన్ని బాగుచేసి మ్యూజియంగా తెరిచింది. చూడటానికి వచ్చేవారిలో చాలామందికి అది తమ తాతముత్తాతల ఇల్లు. ఈ ఇంటిని పలుమార్లు బొమ్మగా గీసిన ప్రసిద్ధ చిత్రకారుడు ఆండ్రూ వైయత్ కూడా ఆ వంశంవాడే. 1908లో థియోడర్ హెర్ అనే ఆయన హాన్స్ హెర్ సంతతి వివరాలను ఒక పుస్తకంగా అచ్చువేశాడు. అందులో ఉన్న పేర్లు 13,223. శతాబ్దం దాటిన ఈ రోజున ఆ సంఖ్య ఎన్ని రెట్లయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంత పెద్ద వంశవృక్షానికి వేళ్లెక్కడున్నాయని వెతుక్కుంటూ వెళ్లేవారికి ఒక విచిత్రం ఎదురవుతుంది. అట్లాంటిక్‌కు ఇవతల, స్విట్జర్లాండ్‌లో, ఈ కుటుంబాల ఆనవాళ్లు వాళ్లు రాసుకున్న కాగితాల్లో దొరికేది కొద్దే. మిగిలినవన్నీ వాళ్లను జైల్లో పెట్టినవారి, భూములు జప్తు చేసినవారి, ఊళ్లోంచి తరిమినవారి కాగితాల్లో ఉన్నాయి.

కథ 1525 జనవరిలో జ్యూరిక్ నగరంలో మొదలైంది. పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, బుద్ధి తెలిసిన మనిషి తనంతట తాను కోరి తీసుకుంటేనే అది బాప్తిస్మమని నమ్మిన కొందరు ఒక ఇంట్లో చేరి ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. మరోసారి బాప్తిస్మం పొందినవారు గనుక ప్రత్యర్థులు వారిని అనాబాప్టిస్టులన్నారు; మెన్నొనైట్లు వీరిలోని శాఖే. కత్తి పట్టం, ఒట్టు వేయం, పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించం అన్నారు వాళ్లు. సైన్యమూ ప్రమాణాలూ చర్చి పట్టికలే పునాదిగా నడిచే నగర ప్రభుత్వానికి ఇది సూటిగా తిరుగుబాటే. 1527 జనవరిలో వారి నాయకుల్లో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. 1614లో హాన్స్ లాండిస్ అనే వృద్ధుడి తల నరికారు. జ్యూరిక్‌లో ఈ నమ్మకం కోసం మరణశిక్ష పడ్డవారిలో ఆయనే ఆఖరివాడు. ఆ తర్వాత పద్ధతి మారింది. ప్రాణం తీయడం మాని ఆస్తి గుంజుకోవడం, ఏళ్ల తరబడి చెరలో ఉంచడం మొదలుపెట్టారు.

బెర్న్ ప్రభుత్వమైతే 1659లో ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టింది. అనాబాప్టిస్టులను పట్టి తెచ్చే వేటగాళ్లు ఉండేవారు, వారికి బహుమానాలు ముట్టేవి. పట్టుబడ్డవారి పేరు, ఊరు, భార్య, పిల్లలు, పొలం, పశువులు, వంటింటి సామాను దాకా లెక్క రాసేవారు. పొలం అమ్మితే ఎంత వచ్చింది, ఆ సొమ్ము ఎక్కడ జమ అయింది అన్నదీ రాసేవారు. గుమాస్తా ఎంత శ్రద్ధగా రాశాడో చదివితే మనసు చివుక్కుమంటుంది. అయినా మూడు వందల ఏళ్ల తర్వాత ఆ కుటుంబానికి ఊరూ పేరూ తిరిగి ఇచ్చింది ఆ శ్రద్ధే.

పుట్టినట్టు లేదు, పారిపోయినట్టు ఉంది

మామూలు స్విస్ కుటుంబం కూపీ లాగాలంటే చర్చి బాప్తిస్మ పట్టికలు చాలు. జ్యూరిక్‌లో 1526 నుంచీ, బెర్న్‌లో 1528 నుంచీ వాటిని రాయమన్న ఆజ్ఞలున్నాయి. అనాబాప్టిస్టుల విషయంలో ఈ తీగ మొదట్లోనే తెగుతుంది. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించకపోతే పట్టికలో బిడ్డ లేదు. చర్చి బయట జరిగిన పెళ్లికి గుర్తింపు లేదు. అలాంటి దంపతుల పిల్లలు చట్టం దృష్టిలో అక్రమ సంతానం, వారసత్వానికి పనికిరారు.

మరి దొరికేదెక్కడ? ఊరి పాస్టరు, పెద్దలు కలిసి నడిపే నైతిక న్యాయస్థానం చిట్టాల్లో. ఫలానావాడు చర్చికి రాలేదు, ఫలానా ఇంట్లో పసివాడికి ఇంకా బాప్తిస్మం కాలేదు, అంటూ ఊరు ఊరంతటి గుట్టూ అందులో ఉంటుంది. జ్యూరిక్‌లో 1634 నుంచి పాస్టర్లు ఇంటింటికీ తిరిగి కుటుంబ జాబితాలు రాశారు. తల్లిదండ్రులు, పిల్లలు, పనివాళ్లు, ఇల్లు విడిచి వేరే దేశంలో ఉన్నవారు అందరూ ఆ జాబితాల్లో కనిపిస్తారు. పరిశోధకులు ప్రాణంగా చూసుకునే కాగితాలివి. పట్టికలో పుట్టినట్టు లేని మనిషి ఇక్కడ పారిపోయినట్టు కనిపిస్తాడు.

పారిపోయినవారు ఎక్కువగా రైన్ నది వెంట ఉత్తరానికి, జర్మనీలోని పాలటినేట్ ప్రాంతానికి చేరారు. ముప్పై ఏళ్ల యుద్ధంలో ఆ నేల పాడుబడిపోయింది. సేద్యం చేసే చేతులు కావాలి గనుక అక్కడి రాజు కార్ల్ లుడ్విగ్ 1664లో వీరిని ఉండనిచ్చాడు. ఊరికే కాదు, తలకింత రుసుము కట్టాలి. రుసుము వసూలు చేయాలంటే జాబితా కావాలి. వేట తప్పినా లెక్క తప్పలేదు. 1671లో బెర్న్ నుంచి ఒక్కసారిగా సుమారు 700 మంది వచ్చిపడ్డప్పుడు వారి దుస్థితి చూసిన డచ్ మెన్నొనైట్లు డబ్బు, బట్టలు పంపారు. ఆ సాయం గురించి రాసుకున్న ఉత్తరాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో భద్రంగా ఉన్నాయి. ఈ కథలో ప్రేమతో రాసిన కాగితాలు కొద్దే, వాటిలో ఇవి ముఖ్యమైనవి.

1710 జూన్‌లో కొందరు లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు కృతజ్ఞతలు చెబుతూ రాసిన ఉత్తరమూ వాటిలోదే. రాసినవారు అప్పటికే అమెరికా ఓడ ఎక్కబోతున్నారు. సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో దిగారు. అక్టోబరులో పెన్సిల్వేనియా వలస స్థాపకుడు విలియం పెన్ ప్రతినిధులు వారికి పెక్వే వాగు దగ్గర 10,000 ఎకరాలు మంజూరు చేశారు. అందులో 6,400 ఎకరాలు కొలిచి వాటాలు వేశారు. హెర్, కెండిగ్, మైలిన్, మిల్లర్, ఫంక్, బోమన్ కుటుంబాల మొదటి వాటాలవి. ఇవాళ లాంకాస్టర్‌లో ఏ స్మశానంలోకి వెళ్లినా ఈ ఇంటిపేర్లు రాళ్ల మీద కనిపిస్తాయి.

ఇక్కడ మరో అగాధం ఉంది. పెన్సిల్వేనియాలో దిగే పరదేశుల పేర్లు క్రమంగా రాయడం 1727 సెప్టెంబరులో మొదలైంది. 1717లో మూడు ఓడల్లో 363 మంది వచ్చారని సంఖ్య మాత్రం తెలుసు. పాత కుటుంబాలవారు చాలామంది 1727కు ముందే దిగినవారు. 1727 తర్వాతి ఓడ జాబితాల్లోనూ పదహారేళ్లు దాటిన మగవాళ్ల సంతకాలే ప్రధానం. ఆడవాళ్లు, పిల్లలు చాలావరకు లెక్కలోకి రాలేదు. స్ట్రాస్‌బర్గర్, హింకే కలిసి 1934లో అచ్చువేసిన మూడు సంపుటాల్లో ఈ జాబితాలన్నీ ఉన్నాయి. వాటిలో తన పూర్వీకుడి సంతకం కనిపిస్తే ఎవరికైనా గుండె వేగంగా కొట్టుకుంటుంది. అయితే ఒకే జాబితాలో ఇద్దరు ముగ్గురు హాన్స్ మిల్లర్‌లు ఉండొచ్చు. హాన్స్, క్రిస్టియన్, జేకబ్, అబ్రహాం అంటూ తరతరానా అవే పేర్లు పెట్టుకున్న కుటుంబాలివి. పేరు కలిసింది కదా అని తాతను ఖాయం చేసుకుంటే చెట్టు పక్కింటి దొడ్లోకి పోతుంది.

ఇంటిపేర్లూ ఉన్నచోట ఉండలేదు. కుండిగ్ కెండిగ్ అయింది, మైలీ మైలిన్ అయింది, బౌమాన్ బోమన్ అయింది. హిర్షీ అన్న పేరు హెర్షీగా మారింది. చాక్లెట్‌తో లోకమంతా ఎరిగిన మిల్టన్ హెర్షీ పూర్వీకులు ఈ స్విస్ మెన్నొనైట్లే. జిమ్మెర్మాన్ కుటుంబమొకటి ఏకంగా కార్పెంటర్ అయిపోయింది.

ఆడపడుచుల జాడ తీయడం మరీ కష్టం. పెళ్లితో ఇంటిపేరు పోతుంది, పుట్టింటి ఊసు ఎక్కడా ఉండదు. తండ్రి చనిపోయి ఆస్తి పంపకం కోర్టుకు వచ్చినప్పుడు మాత్రం ఫలానా కూతురు, ఆమె భర్త ఫలానా అని రాస్తారు. 1729లో కౌంటీ ఏర్పడ్డప్పటి నుంచీ లాంకాస్టర్ కోర్టులో ఆ దస్త్రాలున్నాయి. కొంతకాలానికి ఇక్కడి మెన్నొనైట్లలో ఒక మంచి అలవాటు వచ్చింది. తల్లి పుట్టింటి పేరులోని మొదటి అక్షరాన్ని బిడ్డ పేరు నడుమ పెట్టడం. ఆ ఒక్క అక్షరంతో ఎందరో తల్లులు దొరికారు.

వీరుడు కావాలా, చెరసాల చాలా

19వ శతాబ్దంలో హెర్ కుటుంబీకులు కొందరు తమ మూలపురుషుడు పదకొండో శతాబ్దపు స్వాబియా వీరుడు హ్యూగో అని రాసుకున్నారు. కోట, కులచిహ్నం కూడా చూపించారు. ఆ వీరుడికీ ఈ రైతులకూ నడుమ ఆరు వందల ఏళ్ల ఖాళీని పూడ్చే ఒక్క కాగితమూ లేదు. కోటలున్న తాత కావాలన్న కోరిక అర్థం చేసుకోదగిందే. కానీ నమ్మినదాన్ని వదలకుండా ఉన్న పొలం వదులుకున్న రైతు కంటే ఆ వీరుడు ఎందులో గొప్పో నాకు తెలియదు.

ఈ రైతులు తమ కోసం తాము దాచుకున్న పుస్తకాలూ కొన్ని ఉన్నాయి. జ్యూరిక్‌లో ఫ్రోషౌవర్ అచ్చువేసిన బైబిళ్లు తరాలు మారుతూ సముద్రం దాటాయి. పుట్టుకలు, చావులు వాటిలో రాసుకున్నారు. హతసాక్షుల కథలను కూర్చిన 1660 నాటి డచ్ గ్రంథం మార్టిర్స్ మిర్రర్‌ను జర్మన్‌లోకి మార్చి, ఇదే కౌంటీలోని ఎఫ్రాటాలో 1748లో అచ్చువేశారు. పదిహేను మంది మూడేళ్లు శ్రమించారు. వలస కాలపు అమెరికాలో అంతకు మించిన పుస్తకం అచ్చు కాలేదు. అందులో జ్యూరిక్ చెరసాలల వృత్తాంతాల మధ్య మైలీ ఇంటిపేరువాళ్లు ఉన్నారు. పెక్వే మైలిన్‌లకు అది గ్రంథమూ, వంశచరిత్రా.

మెన్నొనైట్ అన్న మాట పాలమూరు ప్రాంతంవాళ్లకు కొత్త కాదు. మహబూబ్‌నగర్, గద్వాల, జడ్చర్ల వైపు మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చిలు, ఆసుపత్రి తెలిసినవే. అక్కడికి వచ్చిన మిషనరీలు మాత్రం ఈ స్విస్ కొమ్మవారు కాదు. హాలండ్ నుంచి ప్రష్యా, రష్యాల మీదుగా వచ్చిన కుటుంబాలవారు. విశ్వాసం మూలం ఒకటే, రక్తసంబంధం వేరు. ఇలాంటి తేడా పట్టించుకోకుండా చెట్టు గీసేవారి వల్లే తప్పుడు వంశవృక్షాలు పుడతాయి.

లాంకాస్టర్ నేల గురించి ఇంకో మాట చెప్పకపోతే కథ సగమే అవుతుంది. స్విస్ కుటుంబాలు వచ్చేనాటికి కొద్ది మైళ్ల దూరంలో కోనెస్టోగా అనే అమెరికా ఆదివాసుల ఊరు ఉంది. 1701లోనే విలియం పెన్ వారితో శాంతి ఒప్పందం చేసుకున్నాడు. 1763 డిసెంబరు 14న పాక్స్‌టన్ బాయ్స్ అనే సాయుధ మూక ఆ ఊరిమీద పడి ఆరుగురిని చంపింది. రక్షణ కోసం లాంకాస్టర్ కారాగారంలో ఉంచిన మిగతా పద్నాలుగు మందిని, పిల్లలతో సహా, డిసెంబరు 27న నరికేశారు. చనిపోయినవారి పేర్లు మనకు తెలియడానికి కారణం షెరీఫ్ జాన్ హే రాసిన జాబితా. వారికీ సర్కారు కాగితమే ఆధారమైంది. ఒక వంశానికి 13,223 పేర్ల పుస్తకం, మరొక జనానికి ఒక షెరీఫ్ జాబితా.

ఇద్దరు బతికారు. మైఖేల్, మేరీ అనే దంపతులు అప్పటికే క్రిస్టియన్ హెర్షీ అనే మెన్నొనైట్ రైతు పొలంలో ఉంటున్నారు. 1764 ఆగస్టులో గవర్నర్ జాన్ పెన్, వీరికి ఎవరూ హాని చేయరాదని పత్రం ఇచ్చాడు. హెర్షీ వంశవృక్షం గీసుకునేవారు ఆ పొలం పేరు పక్కన ఈ ఇద్దరి పేర్లు కూడా రాయాలని నా కోరిక.

హాన్స్ హెర్ ఇంటి ఆవరణలో 2013లో ఈ ప్రాంతపు ఆదివాసులు కట్టుకున్న తీరులో లాంగ్‌హౌస్ అనే పొడవాటి ఇంటిని నిర్మించారు. ఫిలడెల్ఫియా, న్యూజెర్సీల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు ఆమిష్‌లనే క్రైస్తవ సంఘంవారి గుర్రపుబళ్లు చూడటానికి లాంకాస్టర్ వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడు విల్లో స్ట్రీట్ దాకా వెళ్లండి. రాతి ఇంటితో సరిపెట్టకండి, లాంగ్‌హౌస్ లోపలికీ వెళ్లండి. పిల్లలుంటే రెండిళ్ల కథలూ ఒకే రోజు చెప్పండి.