క్షయ మాత్రలు వాడునప్పుడు ఇంటి వైద్యం: ఏది మేలు, ఏది కీడు

మా ముత్యంపేటలోనూ, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుప్రక్కల గ్రామాలలోనూ తునికాకు చేట ముందర పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు ఎందరో ఉన్నారు. పొగాకు దుమ్ములో దగ్గు వస్తే ఎవరూ లక్ష్యపెట్టరు. నేనూ రెండు మాసాలు అట్లే నిర్లక్ష్యం చేశాను. తెమడ పరీక్షలో క్షయ అని తేలిన పిమ్మట గాని కళ్ళు తెరవలేదు.

చరకుడు చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమంతా రాజయక్ష్మకే కేటాయించాడు. మేకపాలు, మాంసరసం వంటి బలవర్ధకమైన ఆహారానికి అందులో పెద్దపీట వేశాడు. అయినను క్షయ క్రిమిని నిర్మూలించునవి ఆధునిక ఔషధాలే. ఆయుర్వేదాభిమానినైన నేనే ఈ మాట చెప్పుచున్నాను. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో శానటోరియం తెరచిన కాలాన రోగికి విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన తిండి తప్ప వేరు చికిత్స లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో.

సాధారణ క్షయకు ఇప్పుడు ఆరు మాసాల చికిత్స: మొదటి రెండు మాసాలు నాలుగు మందులు, తరువాత నాలుగు మాసాలు మూడు. ఈ క్రిమి బహు మందకొడిగా పెరుగుతుంది, కొంత నిద్రాణమై దాగి ఉంటుంది. అందువల్లనే దగ్గు తగ్గినంత మాత్రాన మాత్రలు మానరాదు. మానితే మిగిలిన క్రిములు మందులకు లొంగనివిగా మారవచ్చు.

రిఫాంపిసిన్ వలన మూత్రం, చెమట, కన్నీరు సైతం నారింజ రంగుకు తిరుగుతాయి. దానికి భయపడనక్కరలేదు. ఐసోనియాజిడ్ వలన అరికాళ్ళు తిమ్మిరెక్కి మంటలు పుడతాయి. బి6 విటమిన్ మాత్ర వాడితే తగ్గుతాయి. పైరజినమైడ్‌తో కీళ్ళనొప్పులు రావచ్చును. ఇథాంబుటాల్ వాడేవారికి చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకున్నా ఆ దినమే వైద్యునికి చెప్పవలెను. రిఫాంపిసిన్ కొన్ని మధుమేహపు మాత్రల బలాన్ని, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. సిగ్గుపడి ఈ సంగతి దాచిపెట్టే ఇల్లాండ్రు ఎందరో!

ఇక నా పొరపాటు. రెండవ మాసంలో వికారం మిక్కుటమైనది. మా మేనత్త ప్రేమతో "మందుల వేడికి విరుగుడు బిడ్డా, తాగు" అని రోజూ తిప్పతీగ కషాయం కాచి ఇచ్చింది. నేను వైద్యునితో చెప్పకుండానే త్రాగాను. అన్నం చూస్తేనే వాంతి. మూత్రం ముదురు రంగుకు వస్తే మాత్రల రంగే అనుకొన్నాను. కళ్ళు పచ్చబడ్డ సంగతి మా అమ్మాయి చూసేదాకా తెలియలేదు. అవి కామెర్లు. వైద్యుడు మాత్రలన్నీ ఆపించి, రక్తపరీక్షలు చేయించి, కాలేయం కుదుటపడిన పిదప ఒక్కొక్క మందునే తిరిగి ఆరంభించారు. తప్పు మాత్రలదో కషాయానిదో చెప్పలేమన్నారు. ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయపు వాపును చూచి 2021లో ప్రకటించారు; ఆయుష్ మంత్రిత్వశాఖ దానితో ఏకీభవించలేదు. ఆ వివాదం ఎట్లున్నా, మాత్రలు నడుచునంత కాలం తిప్పతీగ అయినా మరే కషాయమైనా వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

మిరియాల సంగతీ ఇంతే. అందులోని పైపెరిన్ రిఫాంపిసిన్‌ను రక్తంలోకి ఎక్కువగా చేరుస్తుంది. దీని ఆధారంగానే తక్కువ మోతాదు రిఫాంపిసిన్‌తో పైపెరిన్ కలిపిన మాత్ర మన దేశంలో తయారైంది. కనుక కూరలో, చారులో మిరియం సరే, గుప్పెడు మిరియాల కషాయం వద్దు. కల్లు, సారా బొత్తిగా కూడవు.

మేలు చేసినవి చాలా సామాన్యమైనవి. మాత్రలకు ముందు కొద్దిగా గంజి, లేదా రెండు ఇడ్లీలు. పొట్ట నిండా తిని వేసుకొంటే మందు సరిగా ఒంటబట్టదు. వికారానికి చిన్న అల్లం ముక్క, ఉప్పుతో. మధ్యాహ్నం జీలకర్ర పొడి వేసిన పలుచని మజ్జిగ, జొన్న అంబలి. మేకపాలు దొరికిననాడు బాగా కాచి త్రాగాను. అజీర్ణానికి యాంటాసిడ్ బిళ్ళ వేసుకోవలసి వస్తే మాత్రలతో కలిపి కాక గంటలు ఎడంగా వేసుకొన్నాను.

క్షయరోగుల ఆహారానికై ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం ఆరంభించి, 2024 నవంబరు నుండి 1000 చేసింది. ఆ సొమ్ముతో నేను గుడ్లు, పల్లీలు, కందిపప్పు కొన్నాను. పోయిన బరువు తిరిగి వచ్చింది. బీడీల చేట మాత్రం మళ్ళీ ఒడిలోకి తీసుకోలేదు.