పురిటిగదిలో కుంపటి



ధనుర్మాసము వచ్చుసరికి ఆదిలాబాదు పల్లెలలోను, అరకు, లంబసింగి కొండలలోను రాత్రివేళ చలి పది డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. అప్పుడు బాలింతకును బిడ్డకును చలి తగులకుండ పురిటిగదిలో నిప్పుల కుంపటి పెట్టి, తలుపులు బిగించి, కిటికీ సందులలో గుడ్డలు కుక్కుదురు. ప్రేమతో చేయు పనియే, కాని ప్రాణాపాయకరము.

కణకణలాడు బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. గదిలో గాలి తగ్గినకొలది అది హెచ్చును. పొగ యైనచో కన్నులు మండించి మనలను బయటికి తఱుమును. ఈ వాయువు ఆపాటి మేలైనను చేయదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఊపిరి ఆడుచునే యుండును, దేహమునకు మాత్రము ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, వికారము, తల తిరుగుట, కాళ్ళలో సత్తువ తప్పుట. పైత్యమనుకొని పడుకొన్నవారు మరల లేవకపోవచ్చును. ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేమారు తల నొచ్చి, వాకిటిలోనికి రాగానే తగ్గినచో కుంపటినే అనుమానింపవలెను.

ఇది పేదయిండ్ల ప్రమాదమే యనుకొనరాదు. ప్రసిద్ధ ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా 1902లో పారిసులోని తన యింట, పడకగది పొగగొట్టము సరిగా లాగనందున, ఈ వాయువుచేతనే మరణించెను.

గదిలో నీళ్ళకుండ పెట్టిన చాలునని కొందఱందురు. నీరు ఈ వాయువును పీల్చుకొనదు. నివురుగప్పిన నిప్పు చల్లారినదనియు నమ్మరాదు. లోపల కాలుచున్నంతసేపు విషము వెలువడుచునే యుండును. కావున తలుపు తెఱచియుంచి గది వెచ్చచేసికొని, పడుకొనుటకు ముందే కుంపటిని వాకిట పెట్టవలెను. పసిబిడ్డకు తల్లి యొడలి వేడిమికి మించిన కుంపటి లేదు. బిడ్డను తల్లి ఱొమ్మునకు ఆనించి, ముక్కు నోరు మూసికొనిపోకుండ పైన దుప్పటి కప్పిన చాలును.

ఎవరైన స్పృహ తప్పినచో ముందుగా తలుపులు తెఱచి, వారిని వెంటనే బయటి గాలికి తేవలెను. తెచ్చువారు లోపల నిలువరాదు. 108 సంఖ్యకు టెలిఫోను చేసి, కుంపటి సంగతి తప్పక చెప్పవలెను. వైద్యులు ప్రాణవాయువు పట్టుదురు. రోగి తేఱుకొన్నట్లు కనబడినను ఆసుపత్రికి పంపవలసినదే.

పురిటిగది విషయమున ఇంటి పెద్దల మాటయే చెల్లును. కోడలికి తల తిరుగుచున్నను తలుపు తీయుమని అడుగ జంకును. అందుచేతనే ఈ మాట మీతో మనవి చేసికొంటిని.