గుప్పెడు గింజల్ని ఎందుకు దాచుకుంది?

లారీ హాల్స్ ఆండర్సన్ 2008లో రాసిన ‘చెయిన్స్’ నవలలో కథ 1776 నాటి అమెరికాలో జరుగుతుంది. ఇసబెల్ అనే బానిస పిల్లను, ఆమె చెల్లెల్ని అమ్మేస్తారు. పోతూపోతూ ఇసబెల్ చనిపోయిన అమ్మ దాచిన గింజల్ని రహస్యంగా వెంట తీసుకెళ్తుంది. అవేం గింజలో కూడా తెలియదు. మరి ఎందుకు?

అమ్మ ఊరెళ్లినప్పుడు ఆమె పాత చీర కప్పుకుని పడుకున్నారా ఎప్పుడైనా? ఆ వాసనకి అమ్మ పక్కనే ఉన్నట్టుంటుంది కదూ! వాసన, స్పర్శ జ్ఞాపకాన్ని అలా తట్టిలేపుతాయి. ఆ పిల్లలకు అమ్మ ఫొటో లేదు, తిరిగి వెళ్లే ఇల్లూ లేదు. చట్టం వాళ్లనే ఒకరి సొత్తుగా లెక్కగట్టింది. గుప్పిట్లో పట్టేదే దాచుకోగలిగేవారు.

ఇది నవలల్లోనే కాదు, నిజంగానూ జరిగింది. సౌత్ కరోలినాలో యాష్లీ అనే తొమ్మిదేళ్ల బానిస పిల్లను అమ్మేసినప్పుడు తల్లి రోజ్ ఒక గుడ్డసంచి ఇచ్చింది. అందులో చిరిగిన గౌను, మూడు గుప్పిళ్ల పెకాన్ కాయలు, తన జుట్టుతో అల్లిన జడ. గౌను ఒంటికి, కాయలు ఆకలికి. జడ మాత్రం అచ్చంగా అమ్మే! వాళ్లు మళ్లీ కలవలేదు. 1921లో యాష్లీ మనవరాలు రూత్ ఈ కథను ఆ సంచి మీదే దారంతో కుట్టింది.