ఎండలో రక్తం ప్రయాణం

మే నెలలో ఆదిలాబాద్‌లో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఇంద్రవెల్లి, నార్నూరు వైపు సర్కారు దవాఖానల్లో తీసిన రక్తం ఆ ఎండలోనే జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌కు రావాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో 2021 జూన్‌లో 19 జిల్లాల్లో సర్కారు పరీక్షా కేంద్రాలు తెరిచారు. ఆదిలాబాద్ వాటిలో ఒకటి. థైరాయిడ్ పరీక్షకు రోగి బస్సెక్కే పని తప్పి, రక్తమే ప్రయాణం చేస్తోంది. పేదలకు ఇది పెద్ద మేలు. అయితే దారిలో ఆ రక్తంలోని హార్మోన్లకు ఏమవుతుంది?

ట్యూబులో పడ్డాక కూడా రక్తం ఊరుకోదు. ఎర్రకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా. ఎంజైములూ ఆగవు. వాటికి హార్మోన్లన్నీ ఒకేలా లొంగవు. కార్టిసాల్ లాంటివి కొలెస్ట్రాల్ నుంచి పుట్టిన చిన్న, గట్టి అణువులు. రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, అంటే సీరాన్ని, వేరుచేసి పెడితే రోజుల తరబడి పెద్దగా మారవు. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్, టీ4 కూడా మొండివే. 2–8 డిగ్రీల చల్లదనంలో దాదాపు వారం నిలుస్తాయి. ఎక్కువ మంది చేయించుకునే పరీక్షే దారి కష్టాలను తట్టుకోవడం మన అదృష్టం.

చిక్కంతా పెప్టైడ్ హార్మోన్లతో. అవి అమైనో ఆమ్లాల పూసలు గుచ్చిన దండలు. ఎంజైము ఒక్కచోట తెంపినా ల్యాబ్ యంత్రం గుర్తుపట్టకపోవచ్చు. వాటిలో బాగా సున్నితమైనది, కార్టిసాల్‌ను పుట్టించమని పురమాయించే ఏసీటీహెచ్. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ఉదారంగు మూత ట్యూబులో తీసి, వెంటనే ఐసులో పెట్టి, ప్లాస్మాను త్వరగా వేరుచేయాలి. గాజుకు అంటుకుంటుంది కనుక ప్లాస్టిక్ ట్యూబే వాడాలి. ఇన్సులిన్‌కు శత్రువు ఎర్రకణాల లోపలే ఉంది. సన్న సూదితో గట్టిగా లాగినందుకో, ట్యూబును జోరుగా ఊపినందుకో ఆ కణాలు పగిలితే, ఇన్సులిన్‌ను ముక్కలు చేసే ఎంజైము బయటపడుతుంది. రిపోర్టులో అంకె అసలుకన్నా తగ్గిపోతుంది.

అలాగని అన్నిటినీ ఐసులో పెట్టడమూ తప్పే. బీపీకి మూలం వెతికేటప్పుడు చూసే రెనిన్‌నే తీసుకోండి. ప్లాస్మాను చల్లబెడితే అందులో నిద్రాణంగా ఉన్న దాని ముందు రూపం ప్రోరెనిన్ రెనిన్‌గా మారి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. సీరం వేరుచేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో ఉంచితే కణాల్లోని పొటాషియం బయటికి కారుతుంది.

అందుకే ఐస్ బాక్స్ కన్నా ముందు ఊరి దవాఖానలో సెంట్రిఫ్యూజ్ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. రక్తం గడ్డకట్టేదాకా అరగంట ఆగి, అక్కడే తిప్పి, సీరం వేరుచేసి పంపితే సగం బెంగ తీరుతుంది. రిపోర్టుకూ ఎదురుగా కూర్చున్న మనిషికీ పొంతన కుదరనప్పుడు, మందు మోతాదు మార్చే ముందు డాక్టరు అడగాల్సినవి రెండున్నాయి: రక్తం ఎప్పుడు తీశారు, సీరం ఎప్పుడు వేరుచేశారు?

సెంట్రిఫ్యూజ్ చేరని గూడేల పసిబిడ్డలకు మరో దారి ఉంది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని పట్టడానికి మడమ నుంచి తీసిన కొన్ని చుక్కలు ఫిల్టర్ కాగితం మీద ఆరితే చాలు, టీఎస్‌హెచ్ చూడవచ్చు. ఆ కాగితాన్ని నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. వానాకాలంలో తేమను పీల్చే పొట్లంతో కలిపి, మూసిన కవరులో పంపాలి.