ఈ పని నాచేత నగునా?

మన ఇంజనీరింగు కళాశాలలలో చదువుచున్న యువకుని చదువెట్లు సాగుచున్నదని ప్రశ్నించినచో, సీజీపీఏ ఎంత వచ్చినది, బ్యాక్‌లాగులెన్ని మిగిలినవి, ఏయే కంపెనీలు క్యాంపస్సునకు రానున్నవి అను మూడు సంగతులే అతని సమాధానమున వినవచ్చును. ఇందుకతనిని నిందించుట న్యాయము గాదు. పదవ తరగతి, ఇంటరు, బీటెక్కు, ఈ మూడింటను 60 శాతమునకు తగ్గరాదనియు, సప్లీలేవియు మిగిలియుండరాదనియు పెక్కు కంపెనీలు నియమము పెట్టుటచే, మార్కు క్రమముగా ప్రవేశపత్రమైనది.

ఎంపికల దినమున సెమినారు హాలు ముంగిట నిలిచి చూచినవారికి ఈ స్థితి తేటపడును. ఇస్త్రీ చొక్కాలు ధరించి, ఫైళ్లు చేతబట్టుకొని, ఆప్టిట్యూడ్ పరీక్షలో నెగ్గినవారి జాబితాకై మాటలేక వేచియున్న విద్యార్థులలో, పేరు రానివాడు ఇంటికి ఫోను చేయుటకు జంకి, హాస్టలు గది చేరి, తన నాలుగేండ్ల చదువును వ్యర్థమని నిశ్చయించుకొనును. ఇది నాకు మిక్కిలి బాధాకరముగా తోచును; ఏలయన, అమెరికాలోని ఖాతాదారులు వ్యయము తగ్గించుకొనిన యేడాది ఇచ్చటి సాఫ్ట్‌వేరు నియామకములు సన్నగిల్లుననియు, అందు తన దోషమేమియు లేదనియు ఆ బాలునకు చెప్పువారు లేరు.

కళాశాలలు వ్యక్తిత్వ వికాస వక్తలను పిలిపించి ధైర్యము నూరిపోయ జూచుచున్నవి. కాని ఆల్బర్ట్ బండూరా అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతము ననుసరించి, 'ఈ పని నాచేత నగును' అను నమ్మిక అన్నిటికంటె బలముగా తాను స్వయముగా సాధించిన కార్యములనుండియు, పిదప తనవంటివారు సాధించుటను చూచుటనుండియు జనించును. పరుల ప్రోత్సాహవాక్యములకు అంతటి బలము లేదు. లెంట్, బ్రౌన్, హాకెట్ అను మువ్వురు 1994లో దీనినే వృత్తి నిర్ణయమునకు అన్వయించి, విద్యార్థి ఆసక్తులును లక్ష్యములును ఆ నమ్మికపైనను, ఫలితమును గూర్చిన అంచనాపైనను ఆధారపడునని వివరించిరి.

తెలుగు మాధ్యమమున చదివి, తన యింట తొలి పట్టభద్రుడు కానున్న పల్లెటూరి బాలునకు, తన యూరివాడే యగు సీనియరు పది నిమిషములు కూర్చుండి తన ఇంటర్వ్యూ ఎట్లు జరిగినదో చెప్పిన మాటలు ఎన్నో ఉపన్యాసములకు సాటియగును. అట్లే, చివరి సంవత్సరపు ప్రాజెక్టును అమీర్‌పేటలో సొమ్మిచ్చి కొని తెచ్చు విద్యార్థి, మార్కులు పొందియు, స్వయముగా సాధించితినను తృప్తిని చేజేతుల పోగొట్టుకొనుచున్నాడు.

అధ్యాపకులారా, లోపములున్నను సరే, విద్యార్థి స్వహస్తముతో చేసిన ప్రాజెక్టునే అంగీకరింపుడు. తల్లిదండ్రులారా, ఫోనులో ప్యాకేజీ మాట యెత్తుటకు ముందు, ఈ వారము ఏమి చేసితివని మీ బిడ్డను అడుగుడు.